రక్తం చెప్పే సాక్ష్యం: ఎముక కాన్సర్‌లో కణితి సూచికలు, జీవితావకాశాలు

అబూ ధాబీ ద్వీపం నుంచి వంతెన దాటి ముసఫా మీదుగా సాగితే ఐకాడ్ వస్తుంది. అబూ ధాబీ పారిశ్రామిక నగరానికి అది పొట్టి పేరు. ఉక్కు కర్మాగారాలు, గొట్టాల తయారీ శాలలు, గిడ్డంగులు, వాటికి సమీపంలోనే వేలాది కార్మికుల వసతి గృహాలు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగువారు అక్కడ వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, స్టోర్‌కీపర్లుగా, ఇంజనీర్లుగా పనిచేస్తున్నారు. కుటుంబాన్ని వెంట తెచ్చుకోగలిగినవారు కొందరే. భార్యాబిడ్డలను ఊరిలో ఉంచి, ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి సెలవుపై వెళ్ళి చూసి వచ్చేవారు ఎందరో.

అటువంటి ఒక తండ్రిని ఊహించుకోవడం కష్టం కాదు. ఊరిలో పదమూడేళ్ళ కొడుక్కి మోకాలు నొప్పి అని ఇంటి నుంచి ఫోను వస్తుంది. మరునాడు రక్తపరీక్ష కాగితం ఫొటో వస్తుంది. షిఫ్టు ముగించుకొని గదికి చేరిన తండ్రి దానిని పెద్దది చేసి చూస్తాడు. ‘ఆల్కలైన్ ఫాస్ఫటేజ్’ అన్న పేరు ఎదుట ఒక పెద్ద అంకె, దాని పక్కన ‘హెచ్చు’ అనే గుర్తు. పక్క మంచం మీది మిత్రుడు ‘అది ఎముక కాన్సర్‌లో పెరుగుతుందట’ అంటాడు. ఇక ఆ రాత్రి ఆ తండ్రికి నిద్ర పట్టదు.

ఆ అంకె నిజంగా ఏమి చెబుతుంది? ఏమి చెప్పలేదు? రోగి బతుకు ఎంతవరకు దానిపై ఆధారపడి ఉంటుంది? ఈ ప్రశ్నలకు సమాధానం తెలియకపోవడం వలన రెండు విధాల నష్టం జరుగుతున్నది. భయపడనవసరం లేని కుటుంబం భయపడుతున్నది. భయపడవలసిన కుటుంబం ‘రక్తపరీక్ష బాగానే ఉన్నదిగా’ అని ఊరకుంటున్నది. వీటిలో రెండవది ప్రాణాంతకం.

ఎముకలో పుట్టినవి, ఎముకకు చేరినవి

‘ఎముక కాన్సర్’ అనే మాటను జనం పలు వ్యాధులకు వాడుతారు. ఎముకలోనే పుట్టే కాన్సర్లు అరుదు. వాటిలో ముఖ్యమైనవి మూడు: ఆస్టియోసార్కోమా, యూయింగ్ సార్కోమా, కాండ్రోసార్కోమా. మొదటి రెండూ ఎక్కువగా పిల్లలలో, యువకులలో వస్తాయి. మూడవది సాధారణంగా పెద్దవారిలో కనబడుతుంది. ఆస్టియోసార్కోమా ఏటా పది లక్షల మందిలో సుమారు ముగ్గురు నలుగురికి వచ్చే వ్యాధి. శరీరం వేగంగా పొడవు పెరిగే పది, ఇరవై ఏళ్ళ మధ్య వయసులో, ఆ పెరుగుదల అత్యధికంగా ఉండే మోకాలి పరిసరాలలోనే ఇది ఎక్కువగా పుడుతుంది.

నలభై దాటినవారి ఎముకలలో కనిపించే కాన్సర్ చాలావరకు వేరే అవయవంలో పుట్టి ఎముకకు చేరినది. రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దానికి మూలస్థానాలు. ఇవిగాక ఎముకల మూలుగలో పుట్టి ఎముకను తినివేసే మైలోమా అనే వ్యాధి ఉన్నది. ఈ తేడా తెలిసి ఉండడం అవసరం, ఎందుకంటే ఒక్కొక్కదానికి రక్తంలో కనిపించే సాక్ష్యం ఒక్కొక్క విధంగా ఉంటుంది.

తొలి సూచిక

కణితి తానే తయారుచేసినది గాని, కణితి ఉనికి వలన శరీరం తయారుచేసినది గాని, రక్తంలోనో మూత్రంలోనో కొలవదగిన పదార్థాన్ని కణితి సూచిక అంటారు. చరిత్రలో తొలి కణితి సూచిక దొరికినది ఎముకల వ్యాధిలోనే. 1845లో లండనులో ఒక వర్తకుడు భరించరాని ఎముకల నొప్పులతో బాధపడుతుండగా, ఆయనకు వైద్యం చేస్తున్న విలియం మాకింటైర్, థామస్ వాట్సన్ అనే వైద్యులు ఆయన మూత్రాన్ని హెన్రీ బెన్స్ జోన్స్ అనే వైద్య రసాయనవేత్తకు పంపారు. అందులో ఒక వింత మాంసకృత్తు ఉన్నది. వేడి చేస్తే విరిగి తెల్లబడుతుంది, మరిగిస్తే కరిగిపోతుంది, చల్లారితే మళ్ళీ కనబడుతుంది. రోగి 1846 జనవరిలో మరణించాడు. ఆ పదార్థానికి మాత్రం బెన్స్ జోన్స్ ప్రోటీన్ అనే పేరు స్థిరపడింది. అది మైలోమా కణాలు అపరిమితంగా తయారుచేసే ప్రతిరక్షక అణువులలో ఒక భాగమని 1962లో ఎడెల్మన్, గాలీ నిరూపించారు.

మైలోమాలో నేటికీ రక్త సూచికలదే ప్రధాన స్థానం. 2005లో రూపొందిన అంతర్జాతీయ విభజన ప్రకారం, రక్తంలో బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్, ఆల్బుమిన్ అనే రెండు పదార్థాల పరిమాణాన్ని బట్టే వ్యాధి దశను నిర్ణయిస్తారు. పిల్లలకు వచ్చే ఆస్టియోసార్కోమాలో ఇటువంటి సౌకర్యం లేదు. ఆ వ్యాధికి మాత్రమే ప్రత్యేకమైన రక్త సూచిక ఇంతవరకు దొరకలేదు. దొరికినవి రెండు సాధారణ ఎంజైములు: ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, లాక్టేట్ డీహైడ్రోజినేజ్.

ఎముకను కట్టే ఎంజైము

1923లో లండనులోని లిస్టర్ సంస్థలో రాబర్ట్ రాబిసన్ అనే రసాయనవేత్త, పెరుగుతున్న ఎముకలలో సేంద్రియ ఫాస్ఫేటు సంయోగాలను విడగొట్టే ఎంజైము ఒకటి ఉన్నదని ప్రకటించాడు. అదే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. దానిలో జింకు, మెగ్నీషియం అయాన్లు ఉంటాయి. క్షారగుణం గల ద్రావణంలో అది చురుకుగా పనిచేస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఎముకలో సున్నపు స్ఫటికాలు ఏర్పడకుండా పైరోఫాస్ఫేటు అనే పదార్థం అడ్డుపడుతూ ఉంటుంది. ఈ ఎంజైము దానిని విడగొట్టి అడ్డు తొలగిస్తుంది, స్ఫటికానికి కావలసిన ఫాస్ఫేటును కూడా సమకూరుస్తుంది. ఇల్లు కట్టేచోట ఇటుక, సున్నం, మేస్త్రి ఉన్నట్లు, ఎముక కట్టేచోట ఈ ఎంజైము ఉంటుంది.

ఆస్టియోసార్కోమా కణాలు కూడా ఎముకను కట్టే కణాల జాతివే. అదుపు తప్పినా కులవృత్తి మరువనట్లు, అవి అడ్డదిడ్డంగా ఎముకను కడుతూనే ఉంటాయి, ఎంజైమును రక్తంలోకి వదులుతూనే ఉంటాయి. ఈ రోగుల రక్తంలో ఫాస్ఫటేజ్ హెచ్చుగా ఉంటుందని 1930ల నాటికే వైద్యులు గమనించారు.

ఎంజైమును నేరుగా తూచలేరు, అది చేసిన పనిని కొలుస్తారు. తొలి దశాబ్దాలలో, అది విడుదల చేసిన ఫాస్ఫేటు ఎంత అని కొలిచేవారు. ఇక్కడే తెలుగువారికి సగర్వమైన ఒక పేరు వస్తుంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్ వైద్య పాఠశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే ఒక సులభమైన పద్ధతిని ప్రచురించాడు. ఫాస్ఫేటును మాలిబ్డేటుతో కలిపి, క్షయకరణ చెందిస్తే నీలి రంగు వస్తుంది. నీలిమ ఎంత చిక్కనైతే ఫాస్ఫేటు అంత ఎక్కువ. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి పొందిన దీనిని ఫాస్ఫటేజ్ కొలతలతో సహా ఎన్నో పనులకు ప్రపంచ ప్రయోగశాలలు దశాబ్దాల పాటు వాడాయి. నేటి యంత్రాలు మరొక పద్ధతిని అనుసరిస్తాయి. పారా-నైట్రోఫెనైల్ ఫాస్ఫేటు అనే రంగులేని పదార్థాన్ని ఎంజైము విడగొట్టగా పసుపు రంగు పుడుతుంది. ఆ పసుపు ఎంత త్వరగా చిక్కబడుతున్నదో గుణించి చెప్పినదే కాగితం మీది అంకె.

హెచ్చు అంకెకు కారణాలు అనేకం

ఆ అంకె ఎముకకు మాత్రమే సంబంధించినదైతే సమస్య ఉండేది కాదు. ఈ ఎంజైము కాలేయంలో, మూత్రపిండాలలో, గర్భిణీ స్త్రీల మాయలో కూడా ఉన్నది. ఎముక, కాలేయ రూపాలు రెండూ ఒకే జన్యువు నుంచి పుట్టినవి, వాటికి అంటిన చక్కెర అణువులలో మాత్రమే తేడా. ఎముక రూపం వేడికి త్వరగా నశిస్తుంది. మాయ రూపం వేడిని తట్టుకుంటుంది. ఈ గుణాన్ని ఉపయోగించి పూర్వం వాటిని వేరుచేసేవారు.

పెరిగే పిల్లల రక్తంలో ఈ ఎంజైము పెద్దవారిలో కన్న రెండు మూడు రెట్లు ఉండడం సహజం. మీసం మొలిచే వయసులో అది ఇంకా హెచ్చుతుంది. పెద్దవారి పరిమితులను ముద్రించిన కాగితంపై పిల్లవాని అంకెను వేస్తే ‘హెచ్చు’ గుర్తు పడక తప్పదు. విరిగిన ఎముక అతుకుతున్నప్పుడు, పైత్యరస మార్గంలో రాయి అడ్డుపడినప్పుడు, విటమిన్-డి లోపించినప్పుడు కూడా ఇది పెరుగుతుంది. ఏడాది పొడవునా ఎండ కాసే గల్ఫ్ దేశాలలో విటమిన్-డి లోపం విస్తృతంగా ఉండడం విచిత్రంగా తోచవచ్చు. వేడికి జడిసి జనం గోడల మధ్యనే కాలం గడపడం, నిండుగా దుస్తులు ధరించడం అందుకు కారణాలు.

రెండవ సూచిక లాక్టేట్ డీహైడ్రోజినేజ్ శరీరంలో ప్రతి కణంలోనూ ఉంటుంది. కణాలు చిట్లినప్పుడు రక్తంలోకి వస్తుంది. వేగంగా పెరిగి, వేగంగా చచ్చే కణాలు గల పెద్ద కణితి ఉంటే ఇది హెచ్చుతుంది. యూయింగ్ సార్కోమాలో వైద్యులు దీనిని ప్రత్యేకంగా గమనిస్తారు. అయితే రక్తం తీసేటప్పుడో, ప్రయోగశాలకు చేర్చేటప్పుడో ఎర్ర కణాలు పగిలినా ఇది పెరుగుతుంది. బరువైన శరీరశ్రమ తరువాత కూడా పెరుగుతుంది. పగలంతా ఉక్కు దూలాల మధ్య పనిచేసి సాయంత్రం రక్తమిచ్చిన కార్మికుని కాగితంలో ఈ అంకె కాస్త ఎక్కువ కనిపిస్తే, ముందుగా ఆ పగటి పనిని గుర్తు తెచ్చుకోవాలి.

దీనికి మరొక పార్శ్వం ఉన్నది. ఆస్టియోసార్కోమా రోగులలో సుమారు సగం మందికి మాత్రమే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ హెచ్చుగా ఉంటుంది. మిగిలిన సగం మందిలో కణితి ఉన్నా అంకె మామూలుగానే ఉంటుంది. కనుక హెచ్చు అంకె కాన్సర్‌కు రుజువు కాదు, మామూలు అంకె ఆరోగ్యానికి హామీ కాదు.

మరి ఈ కొలతల ప్రయోజనమేమి?

ఎక్స్-రే, ఎం.ఆర్.ఐ., ముక్క పరీక్షల ద్వారా వ్యాధి నిర్ధారణ అయిన తరువాతనే ఈ సూచికలకు అసలైన విలువ. చికిత్సకు ముందు ఈ రెండు ఎంజైములు బాగా హెచ్చుగా ఉన్న రోగులలో, సగటున కణితి పెద్దదిగానో, వ్యాధి ఇతర చోట్లకు వ్యాపించినదిగానో ఉంటున్నదని, వారి జీవితావకాశం కొంత తక్కువగా ఉంటున్నదని అనేక దేశాల పరిశీలనలు తెలిపాయి. కణితిని తొలగించిన తరువాత అంకె దిగివస్తే మంచి సంకేతం. దిగిన అంకె తిరిగి ఎక్కితే వైద్యుడు వెదకవలసిన పని పడుతుంది. ఒక్కరోజు అంకె కన్న, ఒకే ప్రయోగశాలలో కొన్ని నెలలు తీసిన అంకెల వరుస ఎక్కువ చెబుతుంది.

కాని జీవితావకాశాన్ని ప్రధానంగా నిర్ణయించేవి వేరే ఉన్నాయి. గుర్తించే నాటికే వ్యాధి ఊపిరితిత్తులకో మరొక చోటికో పాకినదా? కణితి ఎంత పెద్దది, ఏ ఎముకలో ఉన్నది? శస్త్రచికిత్సలో దానిని పూర్తిగా తొలగించగలిగారా? ముందుగా ఇచ్చిన మందులకు కణితి ఎంతవరకు చచ్చింది? తీసివేసిన కణితిని సూక్ష్మదర్శిని కింద పరీక్షించినప్పుడు నూటికి 90 పాళ్ళకు పైగా చచ్చిన కణాలే ఉంటే మంచి ప్రతిస్పందన అంటారు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ వైద్యుల బృందం 1,702 మంది ఆస్టియోసార్కోమా రోగులను అనుసరించి 2002లో ప్రకటించిన ఫలితాలలో ఈ అంశాలే ముందుకు వచ్చాయి. ఆ రోగులందరినీ కలిపి చూస్తే పదేళ్ళ తరువాత జీవించి ఉండే అవకాశం దాదాపు 60 శాతం.

నూటికి ఇరవై నుంచి నూటికి అరవైకి

ఈ 60 శాతం ఎంత కష్టపడి సాధించినదో తెలియాలంటే వెనుకకు వెళ్ళాలి. 1970కి పూర్వం ఆస్టియోసార్కోమాకు చికిత్స అంటే కాలు తీసివేయడమే. అయినా నూటికి ఇరవై మంది కూడా దక్కడం కష్టంగా ఉండేది. కాలు తీసే నాటికే కంటికి కనిపించని కణాలు ఊపిరితిత్తులకు చేరి ఉండడమే అందుకు కారణం. రక్తమంతటా తిరిగి వాటిని చంపే మందు కావలసి వచ్చింది.

ఇక్కడ సుబ్బారావు పేరు రెండవసారి వస్తుంది. స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. ఆ వ్యాధికి ఉపకరించే ఫోలిక్ ఆమ్లం కోసం సాగిన అన్వేషణలో, న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. ఆపై దానిని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే పదార్థాలను తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను రక్తకాన్సర్ పిల్లలకు ఇచ్చి, తాత్కాలికంగానైనా వ్యాధి తగ్గిందని 1948లో ప్రకటించాడు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. తన మందు ఎముక కాన్సర్‌కు పనికివస్తుందని ఆయనకు తెలిసే అవకాశం లేదు.

విభజన చెందే కణానికి డి.ఎన్.ఏ. తయారీకై ఫోలిక్ ఆమ్లం కావాలి. మెథోట్రెక్సేట్ ఆ ఆమ్లం వేషం వేసుకొని, దానిని సిద్ధంచేసే ఎంజైమును కదలకుండా పట్టివేస్తుంది. ఎముక కణితిపై అది పనిచేయాలంటే అతి పెద్ద మోతాదు అవసరం. శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 8 నుంచి 12 గ్రాములు ఇస్తారు. కీళ్ళవాతానికి వారానికి ఒకసారి ఇచ్చేది కొద్ది మిల్లీగ్రాములు మాత్రమే. ఇంతటి మోతాదు ఆరోగ్యకరమైన కణాలను కూడా చంపగలదు. అందుకే సుమారు ఒక రోజు గడిచాక ల్యూకోవోరిన్ అనే విరుగుడు ఇచ్చి వాటిని కాపాడుతారు. ఆమ్లగుణం గల మూత్రంలో మందు స్ఫటికాలుగా గట్టిపడి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది కాబట్టి సోడియం బైకార్బొనేటు ఇచ్చి, సమృద్ధిగా ద్రవాలు ఎక్కించి, రక్తంలో మందు ఎంత మిగిలిందో రోజూ కొలుస్తారు. బోస్టన్‌లో నార్మన్ జాఫీ 1970ల తొలినాళ్ళలో ఈ పద్ధతిని ఆస్టియోసార్కోమాకు ప్రయోగించాడు. డాక్సోరూబిసిన్, సిస్‌ప్లాటిన్‌లతో కలిపి మెథోట్రెక్సేట్ నేటికీ ఆ చికిత్సకు మూలస్తంభం.

మందులు నిజంగా పనిచేస్తున్నాయా అన్న సందేహాన్ని 1986లో అమెరికాలో మైఖేల్ లింక్ బృందం ప్రకటించిన పరిశోధన తీర్చింది. శస్త్రచికిత్స మాత్రమే జరిగినవారిలో రెండేళ్ళ వరకు వ్యాధి తిరిగిరానివారు 17 శాతం కాగా, మందులు కూడా తీసుకున్నవారిలో 66 శాతం.

కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్ కథ ఈ సంధికాలానిదే. 1977లో 18 ఏళ్ళ వయసులో ఆస్టియోసార్కోమా వలన అతని కుడికాలు మోకాలి పైవరకు తీసివేశారు. బతికే అవకాశం 50 శాతమని, రెండేళ్ళ క్రితమైతే అది 15 శాతమే అయి ఉండేదని అతనికి చెప్పారు. ఆ తేడా పరిశోధన ఫలమేనని గ్రహించి, పరిశోధనకు విరాళాలు కూర్చేందుకు 1980 ఏప్రిల్‌లో కృత్రిమ కాలితో దేశానికి అడ్డంగా పరుగు ప్రారంభించాడు. 143 రోజులలో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక, కాన్సర్ ఊపిరితిత్తులకు చేరడంతో ఆగవలసి వచ్చింది. 1981 జూన్‌లో మరణించాడు. అతని పేరిట సాగే పరుగు అనేక దేశాలలో, అబూ ధాబీలో కూడా జరిగింది.

శాతం అంటే ఏమిటి?

‘మా బిడ్డ బతికే అవకాశం ఎంత?’ అని తల్లిదండ్రులు అడగడం సహజం. వైద్యుడు చెప్పే శాతం వందలాది రోగుల గతం నుంచి తీసిన లెక్క. నేడు వ్యాధి పాకకముందే గుర్తించి పూర్తి చికిత్స అందించినవారిలో నూటికి 60 నుంచి 70 మంది అయిదేళ్ళు దాటుతున్నారు. పాకిన తరువాత వచ్చినవారిలో ఇది 20, 30 మధ్యకు పడిపోతుంది. ఏ ఒక్క బిడ్డకూ అరవై శాతం ప్రాణం ఉండదు, ఉంటే పూర్తిగా ఉంటుంది. అందువలన శాతాన్ని తీర్పుగా తీసుకోరాదు. కాని ఆ రెండు అంకెల మధ్య గల అంతరాన్ని మాత్రం ప్రతి కుటుంబమూ గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఆ అంతరంలో కొంత ఆలస్యం వలన వచ్చేది. ఆలస్యాన్ని తగ్గించడం ఎవరి చేతిలోనైనా ఉన్నది.

పిల్లలకు వచ్చే ఎదుగుదల నొప్పులు సాధారణంగా రెండు కాళ్ళకూ వస్తాయి, సాయంత్రం వచ్చి తెల్లవారేసరికి తగ్గుతాయి. ఒకే చోట, ఒకే కాలికి, వారాల తరబడి నిలిచి, రాత్రి నిద్ర లేపే నొప్పి వేరు. దానికి వాపు కూడా తోడైతే ఇక తాత్సారం పనికిరాదు. ‘ఆటలో దెబ్బ తగిలింది’ అని తైలంతో మర్దన చేయించడం, కట్టు కట్టించడం వలన విలువైన నెలలు గడిచిపోతాయి. అటువంటి నొప్పికి మొదట కావలసినది రెండు వైపుల నుంచి తీసిన ఒక ఎక్స్-రే. దానికయ్యే ఖర్చు స్వల్పం, ఏ చిన్న పట్టణంలోనైనా దొరుకుతుంది. అనుమానం కలిగితే, ముక్క తీయడం కూడా శస్త్రచికిత్స చేయబోయే పెద్ద ఆసుపత్రిలోనే జరగాలి. తప్పుచోట పెట్టిన చిన్న కోత వలన తరువాత కాలిని నిలబెట్టే అవకాశం పోవచ్చు. సకాలంలో వస్తే నేడు చాలామందికి కాలు తీయకుండానే కణితిని తొలగించి లోహపు ఎముకను అమర్చుతున్నారు.

ఎమిరేట్స్‌లో ఉన్నవారికి అల్ ఐన్‌లోని తవాం ఆసుపత్రి కాన్సర్ చికిత్సకు చిరకాలంగా పేరుపొందినది. స్వస్థలంలో హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సర్ సంస్థ, బసవతారకం ఆసుపత్రి, విశాఖపట్నంలోని హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. అబూ ధాబీలో ఉద్యోగికి ఆరోగ్య బీమా కల్పించడం 2005 నాటి చట్టం ప్రకారం యజమాని బాధ్యత. నలభై దాటిన కార్మికుడు తగ్గని నడుము నొప్పిని ‘బరువులు మోసిన నొప్పే’ అని మందుబిళ్ళలతో నెట్టుకురాకుండా ఆ కార్డును వినియోగించుకోవాలి. మైలోమాను పట్టి ఇచ్చే రక్త, మూత్ర పరీక్షలు నేడు ఉన్నాయి.

ఐకాడ్ గదిలో ఫోను పట్టుకొని కూర్చున్న ఆ తండ్రి ఇంటికి అడగవలసిన ప్రశ్నలు నాలుగే. నొప్పి ఒక కాలికా, రెండు కాళ్ళకా? రాత్రి నిద్ర లేపుతున్నదా? వాపు ఉన్నదా? ఎక్స్-రే తీయించారా? రక్తపరీక్ష కాగితం మీది అంకె ఒక సాక్షి మాత్రమే. అది ఒక్కొక్కప్పుడు నిజం చెబుతుంది, ఒక్కొక్కప్పుడు పొరబడుతుంది, సగం సందర్భాలలో మౌనంగా ఉంటుంది. మిగతా సాక్షులను కూడా పిలిపించి, త్వరగా విచారణ జరిపించడం ఆ తండ్రి వంతు. ఆపైన చేయవలసిన వైద్యానికి ఆధారమైన మందు, భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాని ప్రయోగశాల నుంచి ఎన్నడో సిద్ధమై ఉన్నది.